సూదంటురాయిని పిల్లల చేతికివ్వండి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన బడిలో ఒక ఇనుప బీరువా ఉండేది. దాని కింది అరలో ఒక రేకు పెట్టె. మూత మీద తెల్లరంగుతో ‘సైన్సు కిట్టు’ అని రాసి ఉండేది. ప్రాథమిక పాఠశాలలకు కనీస బోధన సామగ్రి అందించాలని 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ నాటి పెట్టె అది. నేను ఆ బడికి వెళ్లేసరికే దానికి పదేళ్లు దాటాయి. తాళం చెవి ప్రధానోపాధ్యాయుడి జేబులో ఉండేది. ఐదో తరగతికి అయస్కాంతం చూపిద్దామని పెట్టె అడిగితే, “జాగ్రత్త మాస్టారూ, ఏది విరిగినా స్టాకు రిజిస్టరులో మనమే జవాబు చెప్పుకోవాలి” అన్నారాయన. ఆయన చెడ్డవారు కాదు. పదవీ విరమణ నాడు లెక్క తేలకపోతే పింఛను కాగితాలు ఎక్కడ ఆగిపోతాయో అన్న భయం ఆయనది. ఆ భయం మా వృత్తిలో చాలామందికి ఉంది.

పెట్టెలో ఎండుగడ్డి మధ్య రెండు గాజు బీకర్లు, ఒక పట్టుకారు, ఒక చిన్న దిక్సూచి, కాగితంలో చుట్టిన రెండు కడ్డీ అయస్కాంతాలు ఉన్నాయి. ఆ కాగితం మడత కూడా నలగలేదు. పిల్లల ముందు గుండుసూదులు కుప్పగా పోసి, ఒక కడ్డీని వాటి మీద ఆనించాను. ఒక్క సూది వేలాడింది. అదీ రెండు క్షణాలుండి రాలిపోయింది. రెండో కడ్డీ కూడా అంతే. ఆ రెండింటినీ ఒకే రకం ధ్రువాలు పక్కపక్కన వచ్చేలా పెట్టి చుట్టేశారు. కొసలకు అడ్డంగా ఉంచవలసిన మెత్తని ఇనుప ముక్కలు లేవు. అలా ఏళ్ల తరబడి పడి ఉంటే ఉక్కు అయస్కాంతం తన బలాన్ని తానే పోగొట్టుకుంటుంది. రిజిస్టరులో మాత్రం ఏటా ‘కడ్డీ అయస్కాంతాలు రెండు, బాగున్నవి’ అని సంతకం పడుతూ వచ్చింది. ఆ ఏళ్లలో ఐదో తరగతి దాటిన పిల్లలందరూ అయస్కాంతం అంటే ఏమిటో పరీక్షలో రాశారు. ఒక్కరూ దాన్ని పట్టుకోలేదు. ఆ రోజు పడిన బాధ నాలో ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డునున్న ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇద్దరు ఉపాధ్యాయులం, నలభై ఒక్కమంది పిల్లలు. ఎక్కువమంది తండ్రులు వేటకు వెళ్తారు, తల్లులు చేపలమ్ముతారు. ఇన్నేళ్ల అనుభవంతో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అయస్కాంతం పేరు, నిర్వచనం, ధర్మాలు చెప్పకముందే అది పిల్లల చేతిలో ఉండాలి. బల్ల మీద మాస్టారు చేసి చూపిస్తే సరిపోదు. ముందు వరుసలో ఉన్న ఇద్దరికి అందిస్తే సరిపోదు. ప్రతి బిడ్డ చేతికీ అందాలి. ఆ లాగుడు కంటికి కనబడేది కాదు, వేళ్లకు తెలిసేది.

మన పెద్దలు దాన్ని సూదంటురాయి అన్నారు. సూది అంటుకునే రాయి. ఆ మాట వింటే చాలు, దానితో ఏం చేయాలో తెలిసిపోతుంది. పాఠ్యపుస్తకంలో ఉన్న అయస్కాంతం కూడా అందమైన మాటే. అయస్ అంటే ఇనుము, కాంతం అంటే ప్రియమైనది. కానీ పదేళ్ల పిల్లకు ఆ పేరు ముందు వచ్చి వస్తువు తర్వాత వస్తే, ఆ పిల్ల పేరును బట్టీ పడుతుంది. అందుకే మా తరగతిలో మొదటి రెండు రోజులు సూదంటురాయి అనే అంటాం. మూడో రోజు పుస్తకం తెరిచినప్పుడు, తమకు తెలిసిన దానికే మరో పేరుందని పిల్లలే గుర్తుపడతారు.

మొదటి రోజు పని చాలా తేలిక. ఇంటి నుంచి ఏవైనా ఐదు వస్తువులు తెమ్మంటాను. గాలం, పిన్నీసు, గాజు ముక్క, తాళం చెవి, సీసా మూత, అయిపోయిన టార్చి బ్యాటరీ, అమ్మమ్మ డబ్బాలోని పాత రూపాయి, సిల్వరు గిన్నె మూత, చింతపిక్క, వలకు కట్టే సీసపు గుండు, తుప్పు పట్టిన మేకు. నేల మీద సుద్దముక్కతో గీత గీస్తాను. రాయి ఇవ్వకముందే ‘అంటుకుంటాయి’ అనుకున్నవి ఒక పక్క, ‘అంటుకోవు’ అనుకున్నవి మరో పక్క పెట్టమంటాను. ఈ ఊహించే పని చేయించకుండా నేరుగా రాయి ఇస్తే పాఠంలో సగం పోయినట్టే. ముందే ఒక మాట అనేసిన పిల్లవాడికి ఆ తర్వాత జరిగేది తన సొంత వ్యవహారం అవుతుంది.

ప్రతి సంవత్సరం దాదాపు ఒకే కథ. మెరిసేదంతా అంటుకుంటుందని పిల్లలు అనుకుంటారు. సీసపు గుండు బరువైనది కాబట్టి తప్పకుండా అంటుకుంటుందని పందెం కడతారు. రాయి చేతికొచ్చాక సీసం కదలదు, సిల్వరు మూత కదలదు, ఇత్తడి తాళం చెవి కదలదు. తుప్పు పట్టి పారేయవలసిన మేకు మాత్రం ఎగిరి అతుక్కుంటుంది. పైకి రంగు కాగితమే కనిపించే బ్యాటరీ కూడా అతుక్కుంటుంది. “మాస్టారూ, దీని లోపల ఏటుందండీ?” అని ఒక పిల్లవాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. లోపల రేకు డబ్బా ఉందని నేను చెప్పలేదు. పైకాగితం చింపి చూడమన్నాను. బ్యాటరీని మాత్రం కోయకూడదని, లోపలి మందు చేతికి అంటకూడదని గట్టిగా చెప్పాను.

తర్వాత నాణేల వంతు. ఇప్పుడు చలామణిలో ఉన్న రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు అతుక్కుంటాయి. పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ళ అతుక్కోదు. అమ్మమ్మ దాచిన పాత పెద్ద రూపాయీ అతుక్కోదు. ‘ఎక్కువ డబ్బులది అంటుకోదు’ అని ఒక పిల్ల సూత్రం కట్టింది. ఆ సూత్రాన్ని పాత రూపాయి చెడగొట్టింది. ‘పాతది అంటుకోదు’ అని ఇంకొకడు మార్చాడు. దాన్ని ఐదు రూపాయల బిళ్ళ చెడగొట్టింది. ఆ పూట నేను చేసిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే. చివరికి ఐదో తరగతి అమ్మాయి ఒకతె, “డబ్బులకీ దీనికీ ఏటీ సంబంధం నేదు, దేంతో చేశారో దాన్నిబట్టే” అంది. ఆ అమ్మాయి అన్నది నిజం. ఇప్పటి రూపాయి అయస్కాంతానికి అంటే రకం స్టెయిన్‌లెస్ స్టీలు. పాతది మూడు పాళ్లు రాగి, ఒక పాలు నికెల్. విడిగా అయితే నికెల్ అయస్కాంతానికి అంటుతుంది. అంత రాగిలో కలిశాక అంటదు. ఈ చివరి మాట నేను పిల్లలకు చెప్పలేదు, హైస్కూల్లో చెప్తారు. కానీ ‘లోహాలన్నీ అంటుకోవు’ అన్న మాటను వాళ్ల నోటి నుంచే విన్నాను. అది పుస్తకం చెప్పిన మాట కాదు, వాళ్లు గెలుచుకున్న మాట.

మధ్యాహ్న భోజనం కంచాలు ఇంకో గొడవ తెచ్చిపెట్టాయి. ఒకే కొట్టులో కొన్నట్టుండే కంచాల్లో కొన్నింటికి రాయి అంటింది, కొన్నింటికి అంటలేదు. ఇంకో కంచానికి నడుమ అంటలేదు గానీ వంచిన అంచు దగ్గర కొద్దిగా పట్టింది. నా తెలివితో ఇది పిల్లలకు ఎలా చెప్పాలో అర్థం కాక ఆ సాయంత్రం మండల కేంద్రంలోని హైస్కూలు భౌతికశాస్త్రం మాస్టారి ఇంటికి వెళ్లాను. స్టెయిన్‌లెస్ స్టీలు ఒకటే రకం కాదని, నికెల్ కలిపిన కొన్ని రకాలు అంటవని, అలాంటి రేకును గట్టిగా వంచినచోట లోపలి అమరిక మారి కొంచెం అంటుతుందని ఆయన వివరించారు. ఇరవై ఏళ్లుగా ఆ కంచాల్లోనే పిల్లలకు అన్నం పెట్టిస్తున్నాను. ఆ అంచు సంగతి కనిపెట్టింది నాలుగో తరగతి పిల్లవాడు.

ఊళ్లోకి పాత ఇనుప సామాన్లు కొనేవాడు సైకిలు మీద వస్తాడు. అతని చేతిలో తాడు కట్టిన అయస్కాంతం ఉంటుంది. స్టీలు గిన్నెకు దాన్ని తాకించి ధర చెప్తాడు. ఆ వారం అతను వచ్చినప్పుడు పిల్లలు చుట్టూ మూగారు. అతను ఎందుకలా చేస్తున్నాడో తమకు తెలుసని అతనికే చెప్పారు. దర్జీ నేల మీద రాలిన సూదుల్ని ఎలా ఏరుతాడో, కంసాలి బంగారపు పొడిలోంచి ఇనుప రజను ఎలా తీస్తాడో, రైసుమిల్లులో ధాన్యం పోయేచోట అయస్కాంతం ఎందుకు పెడతారో, ఇవన్నీ అడిగి తెలుసుకు రమ్మన్నాను. పాఠం బడి గోడ దాటి వెళ్లాలంటే ఇదే దారి.

మా ఊరి ఇసుక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. మా తీరంలో పెద్ద అలలు వచ్చి పోయాక ఒడ్డున నల్లటి చారలు మిగులుతాయి. తేలిక ఇసుకను కెరటం తీసుకుపోతుంది, బరువు రేణువులు ఉండిపోతాయి. భావనపాడు నుంచి కళింగపట్నం మీదుగా భీమునిపట్నం దాకా మన తీరపు ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్, సిల్లిమనైటు, జిర్కాన్ వంటి ఖనిజాలున్నాయని భూగర్భశాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. ఆ ఇసుక మీద రోజూ ఆడుకునే పిల్లలకు తెలియదు. రాయిని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ నల్ల చారలో తిప్పమన్నాను. కవరు నిండా నల్లటి మీసాలు మొలిచాయి. కవరు ఎందుకు చుట్టాలో రాయిని విడిగా ఇసుకలో తిప్పిన ఒకడికి బాగా తెలిసింది. ఆ రేణువుల్ని గోళ్లతో గీకి తీయడానికి వాడికి సాయంత్రం దాకా పట్టింది. కవరైతే రాయిని బయటికి లాగగానే మొత్తం కాగితం మీద రాలిపోతుంది. ఇట్టే పట్టుకునేది మాగ్నటైటు. ఇల్మనైటు మామూలు రాయికి అంతగా లొంగదు. ఎర్రగా మెరిసే గార్నెట్ రేణువులు వెనకే ఉండిపోతాయి. ఆ నల్లపొడిని గాజు సీసాలో పోసి, చీటీ అంటించి కిటికీలో పెట్టాం. అయస్కాంతం మీద కాగితం పరిచి ఆ పొడి చల్లితే రెండు కొసల దగ్గరా గుబురుగా చేరుతుంది, నడుమ పలచగా ఉంటుంది. కొనవలసిన ఇనుపరజను మాకు సముద్రమే ఇచ్చింది.

సముద్రం లేని ఊళ్లవాళ్లు దిగులు పడనక్కర్లేదు. ఇల్లు కట్టడానికి పోసిన ఏటి ఇసుక కుప్పలోనూ కొంత నల్లపొడి దొరుకుతుంది. రోడ్డు పక్క దుమ్ములోనూ దొరుకుతుంది.

సూదితో దిక్సూచి చేయడం అందరూ చెప్పే ప్రయోగమే. అందులో నేను చేసిన ఒక పొరపాటును మాత్రం తోటి ఉపాధ్యాయుల కోసం చెప్పాలి. కుట్టుసూదిని అయస్కాంతం ఒక కొసతో ఒకే వైపుకు, ప్రతిసారీ చేయి పైకెత్తి, ముప్పై నలభైసార్లు రుద్దాలి. బాదం ఆకు ముక్క మీద పెట్టి నీళ్లలో తేలేయాలి. నేను మొదటిసారి భోజనం కంచంలో నీళ్లు పోశాను. సూది ఉత్తరం వైపు కాకుండా కంచం అంచు వైపు పోయి అక్కడే ఉండిపోయింది. అది అయస్కాంతానికి అంటే రకం కంచం. పిల్లలు పాఠాన్ని నమ్మలేదు, వాళ్లు నమ్మకపోవడమే సబబు. తర్వాత కొబ్బరి చిప్పల్లో పోశాం. మా ఊళ్లో కొబ్బరి చిప్పలకు కొదవ లేదు. పదకొండు చిప్పలు, పదకొండు సూదులు. నీళ్లు కుదుటపడేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఒక్కొక్కటే మెల్లగా తిరిగి, అన్నీ ఒకే వరుసలో నిలబడ్డాయి. ఆ గదిలో అంతసేపు నిశ్శబ్దం నేను ప్రార్థనప్పుడు కూడా వినలేదు.

అంతలోనే తగువు మొదలైంది. కొందరి సూది మొన ఉత్తరానికి ఉంది, కొందరిది కన్ను ఉత్తరానికి ఉంది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఏ కొసతో, ఎటు నుంచి ఎటు రుద్దారన్నదాన్నిబట్టి ధ్రువాలు మారతాయి. ఈ సంగతి బొమ్మలో తెలియదు. బొమ్మలో సూది ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. నా జేబులోని ఫోను దగ్గరికి వచ్చేసరికి ఒక సూది కదిలింది. ఫోను స్పీకరులో అయస్కాంతం ఉందని పిల్లలకు అలా తెలిసింది.

ఆ వారమే ఒక పిల్లవాడి తాతను బడికి పిలిచాను. వేట మానేసి పదేళ్లయిందాయనకు. తెరచాప తెప్పల రోజుల్లో చుక్కను చూసుకుని ఒడ్డుకొచ్చిన మనిషి, తర్వాత ఇంజను బోటులో కంపాసు చూసిన మనిషి. “కంపాసు పక్కన కత్తి పెట్టకూడదు బాబూ. పెడితే బోటు దారి తప్పుద్ది. మాకెవరూ సెప్పనేదు, దెబ్బ తిని నేర్సుకున్నాం” అన్నాడు. ఇప్పుడు జీపీఎస్ ఉంది కదా తాతా, కంపాసు ఎందుకని మనవడు అడిగాడు. “దానికి బ్యాటరీ అయిపోద్ది. దీనికి అయిపోదు” అన్నాడాయన. కంచం అంచుకు పోయిన మా సూది సంగతి పిల్లలు గుర్తు చేసుకుని ఆయనకు చెప్పారు. ఆయన కత్తీ, మా కంచమూ ఒకటేనని వాళ్లకు వాళ్లే కలుపుకున్నారు.

నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న కూడా ఆ రోజే వచ్చింది. ఒకే రకం కొసలు నెట్టుకుంటాయని ముందురోజే చూశారు. అలాంటప్పుడు సూది ఉత్తర ధ్రువం భూమి ఉత్తరం వైపు ఎందుకు పోతుంది, నెట్టేయాలి కదా? అడిగింది ఐదో తరగతి పిల్ల. నాకు వెంటనే జవాబు తోచలేదు, రేపు చెప్తానన్నాను. భూమి ఒక పెద్ద అయస్కాంతంలా పనిచేస్తుంది, దాని ఉత్తరం కొసన ఉన్నది నిజానికి అయస్కాంత దక్షిణ ధ్రువం. నేను డిగ్రీలో చదివిన సంగతే. కానీ ఆ ప్రశ్న అప్పట్లో నాకెప్పుడూ రాలేదు, ఎందుకంటే నాకు అయస్కాంతం ఎవరూ ఇవ్వలేదు. చదివినవాడికి సూత్రం తెలుస్తుంది, ఆడినవాడికి సూత్రంలోని చిక్కు తెలుస్తుంది.

భూమి అయస్కాంతమని 1600లో తన పుస్తకంలో రాసినవాడు ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్. గుండ్రంగా చెక్కిన సూదంటురాయి చుట్టూ చిన్న సూదిని తిప్పి చూసి ఆ మాట చెప్పాడు. వెల్లుల్లి రాస్తే అయస్కాంతం బలం పోతుందని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. అది ఉత్త కట్టుకథ అని గిల్బర్ట్ రాశాడు. ఈ కథ చెప్పిన మర్నాడు మా తరగతి గది వెల్లుల్లి వాసన కొట్టింది. ఏడుగురు తెచ్చారు. ఒకమ్మాయి ఉల్లిపాయా, నిమ్మకాయా కూడా తెచ్చింది, అడక్కుండానే. అన్నీ రాసి, ప్రతిసారీ ఎన్ని గుండుసూదులు వేలాడాయో లెక్క రాశారు. పెద్దలు చెప్పిన మాటను గౌరవంగానే పరీక్షించవచ్చని పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు.

ఇక ఒక రింగు విరిగిన సంగతి. రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టులో పాత స్పీకర్ల నుంచి తీసిన నల్లటి రింగు అయస్కాంతాలు ఊరికే ఇస్తారు. కొత్తవి కొన్నా ఒక్కోటి నాకు పదిహేను రూపాయలకు మించలేదు. పెన్సిలుకు వాటిని ఒకదానిపై ఒకటి గుచ్చితే, తిప్పి వేసినప్పుడు పైది గాల్లో నిలుస్తుంది. ఎన్నిసార్లు చేసినా పిల్లలు మళ్లీ కేరింత కొడతారు. ఈ నల్లవి పింగాణీలాంటివి, నేల మీద పడితే విరుగుతాయి. మూడో తరగతి పిల్ల చేతిలోంచి జారి ఒకటి రెండు ముక్కలైంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఏడుపు ఆపుకుంటూ రెండు ముక్కల్నీ యథాస్థానంలో అతకబోయింది. అవి అతకలేదు. చేతిలో తోసుకున్నాయి, జారాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ తోసుకున్నాయి. “మాస్టారూ, ఇవింక కలవవండీ” అంది. నేను ఒక ముక్కను తిప్పి పెట్టమన్నాను. టక్కున అతుక్కున్నాయి.

నా జీవితంలో నేను చూసిన మంచి పాఠాల్లో అదొకటి. విరిగితే అయస్కాంతం పోతుందని, లేదా ఒక ముక్కకు ఉత్తరం, మరో ముక్కకు దక్షిణం మిగులుతాయని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్లూ అనుకుంటారు. విరిగిన ప్రతి ముక్కా రెండు ధ్రువాలున్న పూర్తి అయస్కాంతమే. ఆ రింగుకు పై ముఖం ఒక ధ్రువం, కింది ముఖం మరో ధ్రువం. ముక్కల్ని ఉన్నచోటే పక్కపక్కన పెడితే ఒకే రకం ముఖాలు పక్కకు చేరి నెట్టుకుంటాయి. ఒకదాన్ని బోర్లిస్తే కలుస్తాయి. ఇదంతా చెప్పడానికి నాకు ఒక పీరియడు పట్టేది, అయినా తలకెక్కేది కాదు. ఆ పిల్ల ఏడుపు మరిచిపోయి మిగతా తరగతులన్నిటికీ తిరిగి చూపించి వచ్చింది. ఇది బీరువాలో ఉన్న అయస్కాంతం అయ్యుంటే ఆ పూట ఆ పిల్లకు తిట్లు దక్కేవి.

ఇలాంటి చదువు మన దేశానికి కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడుల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం పల్లె పిల్లల చేత ప్రయోగాలు చేయించి చూపించింది. 2002లో దాన్ని ఆపేసినా, ఆ బాటలో నడిచినవాళ్లు ఆగలేదు. టెల్కోలో ఇంజనీరుగా ఉండి ఆ పనికి ఆకర్షితుడైన అరవింద్ గుప్తా చెత్తలోంచి బొమ్మలు చేయడం నేర్పారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. గాల్లో తేలే అయస్కాంతపు పెన్సిలును నేను నేర్చుకున్నది ఆయన బొమ్మల నుంచే. మన చిత్తూరు జిల్లా కుప్పంలో 1999లో మొదలైన అగస్త్య సంస్థ సైన్సును వ్యానుల్లో ఎక్కించి పల్లెలకు తీసుకెళ్తోంది. 2020 జాతీయ విద్యావిధానం అన్ని దశల్లోనూ అనుభవపూర్వక అభ్యసనం కావాలంటోంది. కావలసిన మాటలన్నీ కాగితం మీదికి వచ్చేశాయి.

అయినా బడుల్లో ఎందుకు జరగదు? తోటి ఉపాధ్యాయులు చెప్పే కారణాలు నాకు తెలుసు. వాటిని కొట్టిపారేయను. ఒక్కరే ఐదు తరగతులు చూసే బడులున్నాయి. అన్నం ఫొటో, హాజరు, అన్నీ యాప్‌లో ఎక్కించాక మిగిలే సమయం కొంచెం. 2021లో నిపుణ్ భారత్ మొదలయ్యాక మూడో తరగతి పూర్తయ్యేలోపు చదవడం, లెక్కలు రావాలన్న ఒత్తిడి సరైనదే, అవి రాని బిడ్డ ముందుకు పోలేదు. కానీ అయస్కాంతం ఆ రెండింటికీ అడ్డు కాదు. ‘అంటుకునేవి, అంటుకోనివి’ అని రెండు వరుసల పట్టిక రాసిన పిల్ల రాత నేర్చుకుంటోంది. అయస్కాంతం కొసన పదకొండు సూదులు అంటాయి, నడుమ రెండు అని రాసిన పిల్లవాడు తేడా తీయడం నేర్చుకుంటున్నాడు. మా బడిలో వాచకం చదవడానికి మొండికేసిన ఒక పిల్లవాడు తను రాసిన ‘గాలం అంటింది, గుండు అంటలేదు’ అన్న వాక్యాన్ని తరగతి ముందు మూడుసార్లు చదివాడు. అది వాడి సొంత వాక్యం.

గోల అవుతుందంటారు. అవుతుంది. నలభైమంది పిల్లల చేతిలో పదిహేను రాళ్లుంటే గోల కాక మరేమవుతుంది? తనిఖీకి వచ్చిన అధికారి ఆ గోలను క్రమశిక్షణ లోపంగా రాయకూడదు. గోలలోకి నడిచి వెళ్లి, ఏం చేస్తున్నావని ఒక బిడ్డను అడిగి చూడాలి. ఆ బిడ్డ జవాబును బట్టి రాయాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. మెరిసే చిన్న చిన్న అయస్కాంతాలు, నియోడిమియంతో చేసినవి, గోళీల్లా ఉండే బొమ్మలు, ఇవేవీ చిన్నపిల్లల దగ్గరికి రానివ్వకూడదు. రెండు మింగితే కడుపులో పేగు మడతల మీదుగా అవి ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకు చిల్లు పొడుస్తాయి. ప్రాణం మీదికొస్తుంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లిదండ్రులు ఇంట్లో అలాంటి బొమ్మలుంటే ఈరోజే తీసేయండి. బడికి నోట్లో పట్టని పెద్ద నల్ల రింగులు చాలు. గంట అయ్యాక లెక్కపెట్టి తీసుకోవడం కూడా పాఠంలో భాగమే.

విద్యాశాఖ పెద్దలకు నాదొక విన్నపం. స్టాకు రిజిస్టరులో ఒక గడి చేర్చండి, ‘పిల్లలు వాడగా విరిగినవి’ అని. ఆ గడిలో అంకె ఉన్న బడిని ప్రశ్నించకండి. ఏళ్ల తరబడి అక్కడ సున్నా ఉన్న బడికి వెళ్లి అడగండి, ఎందుకు విరగలేదని. ప్రధానోపాధ్యాయులకు మరో మాట. మీ బీరువాలో ఏముందో ఒకసారి చూడండి. కడ్డీ అయస్కాంతాలుంటే వ్యతిరేక ధ్రువాలు పక్కపక్కన వచ్చేలా పెట్టి, రెండు కొసలకూ ఇనుప ముక్కలు ఆనించి ఉంచండి. వారానికి ఒక గంటైనా వాటిని బయటికి తీయండి. బలం పోయిన కడ్డీ అయినా పారేయకండి, మంచి అయస్కాంతంతో రుద్దితే కొంత తిరిగి వస్తుంది. ఆ పని కూడా పిల్లలతోనే చేయించండి.

మా బడిలో ఇప్పుడు పదహారు రింగులున్నాయి. వాటిలో ఐదు విరిగాయి. విరిగిన ముక్కలన్నీ వాడుకలోనే ఉన్నాయి.